వడదెబ్బ అనుకున్నాం, లోపల రక్తం పోతోంది: ఒక కేస్ స్టడీ

కొన్నేళ్ళ క్రితం మే నెలలో చూసిన కేసు ఇది. రోగి ఎవరో తెలియకుండా ఊరు, వృత్తి, కుటుంబం వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. డ్యూటీలో కొత్తగా చేరిన ప్రతి డాక్టరుకీ, నర్సుకీ ఈ కేసు చెబుతుంటాను. ఆ రోజు నేను నాలుగున్నర గంటలు తప్పుదారిలో ఉన్నాను. ఎందుకు తప్పానో వివరంగా రాస్తే ఇంకొకరికి ఆ నాలుగున్నర గంటలు మిగులుతాయని రాస్తున్నాను.

నేను పనిచేసేది కోస్తాలో ఒక చిన్న పట్టణంలో. ఆసుపత్రిలో ల్యాబ్ ఉంది, ఈసీజీ ఉంది, రక్తం నిల్వ ఉంచే చిన్న యూనిట్ ఉంది. ఎండోస్కోపీ లేదు. దానికి 70 కిలోమీటర్లు పోవాలి.

వచ్చినప్పుడు

ఉదయం 11:30కి ఆటోలో తీసుకొచ్చారు. అరవై దాటిన రైతు. పొలం గట్టు మీద నిలబడి ఉన్నవాడు కళ్ళు తిరిగి కూలబడ్డాడు. అరనిమిషం స్పృహ లేదన్నారు. ముఖాన నీళ్ళు కొడితే లేచాడట. మూడేళ్ళ క్రితం గుండెకు స్టెంట్ వేశారు. రోజూ ఆస్పిరిన్ 75, మెటోప్రొలాల్ 50, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ వాడుతున్నాడు. మందు, సిగరెట్ లేవు.

నాడి 84. బీపీ 104/70. షుగర్ 132. ఈసీజీలో పాత మార్పులే, కొత్తవి లేవు. జ్వరం లేదు, థర్మామీటరు 98.4 చూపించింది. అరచేతులు చల్లగా, చెమటతో తడిగా ఉన్నాయి. హిమోగ్లోబిన్ 11.4, బ్లడ్ యూరియా 82, క్రియాటినిన్ 1.0.

ఆ వారమంతా వడదెబ్బ కేసులే. ఆ ఉదయమే ఇద్దరిని చేర్చుకున్నాం. ఎండలో నిలబడ్డ రైతు, నీళ్ళు తాగలేదు, కళ్ళు తిరిగాయి, యూరియా పెరిగింది. ఒంట్లో నీరు తగ్గిందనుకుని చేతికి ఒక పింక్ కాన్యులా (సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం) పెట్టి సెలైన్ మొదలుపెట్టించాను. గుండె రోగి కాబట్టి గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా పంపాను, నెగెటివ్ వచ్చింది. దాంతో నా టెన్షన్ తగ్గింది. తగ్గకుండా ఉండాల్సింది.

ఆ కాగితం ఇప్పుడు చూస్తే సమాధానమంతా అందులోనే ఉంది. వడదెబ్బ ముదిరి మనిషి పడిపోతే ఒళ్ళు కాలిపోతూ ఉండాలి. ఈయన చేతులు చల్లగా ఉన్నాయి. చల్లటి చెమట అంటే శరీరం చర్మానికి పోయే రక్తాన్ని వెనక్కి లాక్కుని గుండెకూ మెదడుకూ పంపుతోందని అర్థం. నాడి 84 చూసి ఊరుకున్నాను కానీ, మెటోప్రొలాల్ వేసుకునే మనిషికి రక్తం పోతున్నా నాడి పరుగెత్తదు. ఆ బిళ్ళ పనే అది. బీపీ 104 కూడా మామూలుదే అనిపించింది. ఆయన పాత చీటీ తెరిచి చూసి ఉంటే అందులో 146/90 అని కనబడేది. 146 ఉండే మనిషికి 104 చాలా తక్కువ. పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బీపీ చూడటం రెండు నిమిషాల పని. లేచి కూర్చోగానే పై అంకె 20 పడిపోతే రక్తనాళాల్లో సరుకు తగ్గిందని తెలుస్తుంది. అది కూడా చేయలేదు.

హిమోగ్లోబిన్ సంగతి ఇంకా ముఖ్యం. 11.4 చూసి రక్తం పోవట్లేదనుకోవడం చాలామంది చేసే పొరపాటే. రక్తం పోయేటప్పుడు కణాలు, నీరు కలిసే పోతాయి. మిగిలిన రక్తం చిక్కదనం వెంటనే మారదు. సగం ఖాళీ అయిన మజ్జిగ కుండలో మిగిలింది ఎంత చిక్కగా ఉంటుందో అలాగే. బయటి నుంచి నీరు చేరి పలచబడ్డాకే అంకె పడుతుంది. అది పూర్తిగా తెలియడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది.

యూరియా అయితే గట్టిగానే చెప్పింది, నేనే వినలేదు. పొట్టలోకి, పేగు మొదట్లోకి కారిన రక్తం కిందికి జారుతూ అరుగుతుంది. రక్తమంటే ప్రోటీనే కదా, అది అరిగి యూరియా అవుతుంది. పైగా రక్తం తగ్గినప్పుడు కిడ్నీలు యూరియాను వెనక్కి పీల్చుకుంటాయి. కిడ్నీ సరిగా ఉండి, క్రియాటినిన్ 1.0 ఉండి, యూరియా ఒక్కటే 82 ఉంటే నీరు తగ్గడంతో పాటు పైపేగు రక్తస్రావం కూడా తలపుకు రావాలి. రెండో మాట నాకు తట్టలేదు.

ఆయా చెప్పిన మాట

సాయంత్రం నాలుగు గంటలకు వార్డు ఆయా నా గదికి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ వార్డులో పనిచేస్తున్న మనిషి. తలుపు దగ్గరే నిలబడి, "సార్, ఆ పెద్దాయన బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాడు. ఆ వాసన మామూలుది కాదు సార్. పోయిన నెల ఏడో బెడ్ ఆయనకి వచ్చిన వాసనే" అంది. పోయిన నెల ఏడో బెడ్‌లో ఉన్నాయన అల్సర్ నుంచి రక్తం పోయి చేరిన రోగి.

వెళ్ళి చూశాను. ఆమె నీళ్ళు పోయకుండా ఉంచింది. కొత్తగా వేసిన రోడ్డు మీద తారులా నల్లగా, మెరుస్తూ, పింగాణీకి అంటుకుని ఉంది. కుళ్ళిన తీపి వాసన కలిసిన దుర్వాసన. ఒకసారి ముక్కుకు తగిలితే మరిచిపోలేరు. అంచున కొంచెం నీళ్ళు పోస్తే ఆ నలుపు విచ్చుకుని ముదురు ఎరుపు కనబడింది.

దాన్నే మెలీనా అంటారు. పొట్టలోనో, చిన్నపేగు మొదట్లోనో కారిన రక్తం గంటల తరబడి పేగులో ప్రయాణిస్తూ యాసిడ్‌తో, సూక్ష్మజీవులతో కలిసి అలా నల్లబడుతుంది. 50 నుంచి 100 మిల్లీలీటర్ల రక్తం చాలు, మలం నల్లబడటానికి. అంటే టీ గ్లాసుడు.

మళ్ళీ బీపీ చూస్తే 88/60. నాడి 92. ఆ మెటోప్రొలాల్ మీద 92 అంటే ఎక్కువే. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. 4:30కి పంపిన హిమోగ్లోబిన్ 8.1 వచ్చింది.

ఉదయం నేను అడగలేదా అంటే, అడిగాను. "విరేచనాలు అవుతున్నాయా?" అన్నాను. "లేదండీ" అన్నాడు. నిజమే చెప్పాడు. మన మాటలో విరేచనాలంటే నీళ్ళవిరేచనాలు. ఆయనకి రోజుకి ఒకటి రెండుసార్లే వస్తోంది. నేను అడగాల్సింది "దొడ్డికి ఏ రంగులో వస్తోంది?" అని. అలా అడిగినా తెలిసేదో లేదో. తెల్లవారుజామున చీకట్లో చెంబు పట్టుకుని వెళ్ళేవాడికి రంగు ఎలా కనబడుతుంది? భార్య మాత్రం గమనించింది. వారం నుంచి లుంగీకి నల్లమరకలు అవుతున్నాయట. నీరసంగా ఉందని నెల క్రితం మెడికల్ షాపులో ఐరన్ టానిక్ తెచ్చారు, దానివల్లే అనుకుంది. ఐరన్ వల్ల కూడా నల్లగానే వస్తుంది, కానీ అది ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు. జిగట ఉండదు, ఆ వాసన ఉండదు, నీళ్ళు పోస్తే ఎరుపు విచ్చుకోదు.

కొంగుముడి

ఎందుకు కారుతోంది? స్టెంట్ ఉంది, ఆస్పిరిన్ ఉంది. కానీ మూడేళ్ళుగా పడిన ఆస్పిరిన్ ఇప్పుడే ఎందుకు తిరగబడింది? ఏదో కొత్తది చేరి ఉండాలనిపించింది. "నొప్పులకి ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే ఇద్దరూ లేదన్నారు. "మోకాళ్ళ నొప్పికి ఏం చేస్తారు మరి?" అన్నాను.

ఆమె కొంగుముడి విప్పింది. లోపల న్యూస్‌పేపరు పొట్లం. అందులో మూడు రకాల బిళ్ళలు, ఏ అట్టా లేకుండా. "ఇవి మందులు కావండీ, కాళ్ళ బిళ్ళలు. పూటకో మూడు" అంది. మూడు వారాలుగా రోజుకి రెండు పూటలా వేసుకుంటున్నాడు. ఇచ్చినచోట ఫోన్ చేసి కనుక్కుంటే ఒకటి డైక్లోఫెనాక్ అనే నొప్పి బిళ్ళ, ఒకటి స్టెరాయిడ్, మూడోది విటమిన్.

నొప్పి బిళ్ళ పొట్ట లోపలి పొరను కాపాడే పదార్థాలను తయారు కానివ్వదు. స్టెరాయిడ్ ఒక్కటే అయితే ముప్పు తక్కువే కానీ, నొప్పి బిళ్ళతో కలిస్తే పుండు పడే అవకాశం బాగా పెరుగుతుంది. పుండు పడ్డాక రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ అడ్డుపడుతుంది. వయసు అరవై దాటింది. గ్యాస్ బిళ్ళ కూడా పక్కన లేదు. ఇంకో సంగతి, ఆయనకి కడుపునొప్పే లేదు. నొప్పి బిళ్ళల వల్ల పడే అల్సర్లు, ముఖ్యంగా పెద్దవయసు వారిలో, చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటాయి. మొదటి సూచనే రక్తం కావచ్చు.

అయినా అల్సరేనని తేల్చేముందు మిగతా కారణాలు ఒక్కొక్కటీ చూశాను, ఎందుకంటే వాటి వైద్యం వేరు. లివర్ గట్టిపడి ఆహారనాళంలో సిరలు ఉబ్బి పగిలితే ఆక్ట్రియోటైడ్‌గానీ టెర్లిప్రెసిన్‌గానీ, దాంతో పాటు యాంటీబయాటిక్ కూడా ఆలస్యం చేయకుండా మొదలుపెట్టాలి. ఈయనకి మందు అలవాటు లేదు, కామెర్లు లేవు, పొట్టలో నీరు లేదు, ప్లీహం తగల్లేదు, ప్లేట్‌లెట్లు 2 లక్షల పైన ఉన్నాయి. గట్టిగా వాంతులై ఆహారనాళం చివర చీరుకుపోవడం ఇంకొకటి, ఈయనకి వాంతులే లేవు. క్యాన్సర్‌ను మాత్రం ఎండోస్కోపీ చేసేదాకా కొట్టేయలేం.

కిందిపేగు నుంచైతే సాధారణంగా ఎర్రగా వస్తుంది. పెద్దపేగులో సంచులు, పేగువాపు, క్యాన్సర్, మొలలు అక్కడి కారణాలు. రెండు మాటలు మాత్రం చెప్పాలి. పైన రక్తం ధారగా కారితే నల్లబడే టైమ్ ఉండదు, కింద కూడా ఎర్రగానే వస్తుంది. కాబట్టి ఎర్రటి రక్తంతో పాటు బీపీ పడిపోతే పైనే వెతకాలి. రెండోది, ఎర్రగా పడితే మొలలే అనుకుని ఏళ్ళ తరబడి ఆకుమందులు వాడి, చివరికి పెద్దపేగు క్యాన్సర్‌తో వచ్చినవారిని నేను చూశాను. వాళ్ళ ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి.

ఇచ్చినవి, ఇవ్వనివి

రెండు చేతులకూ పింక్ కంటే లావుగా ఉండే గ్రీన్ కాన్యులాలు పెట్టించాను. ఉదయం పెట్టిన పింక్‌లో రక్తం వేగంగా ఎక్కదు. పొట్టలో యాసిడ్ తగ్గించే పాంటోప్రజోల్ 80 మిల్లీగ్రాములు ఇచ్చాం. ఇది ప్రాణం నిలబెట్టే మందు కాదని, అసలు పని ఎండోస్కోపీదేనని నాకు తెలుసు. పుండు కొంత నెమ్మదిస్తే లోపల చేసే పని తేలికవుతుందని ఇచ్చాను. ఆస్పిరిన్, మెటోప్రొలాల్ ఆ పూటకి ఆపాం.

కొడుకు వచ్చి, "సార్, ఎన్ని బాటిళ్ళైనా పర్లేదు, నలుగురు కుర్రాళ్ళని తెచ్చాను, రక్తం ఎక్కించేయండి" అన్నాడు. రెండు బాటిళ్ళతో ఆపాను. 2013లో బార్సిలోనాలో చేసిన పరిశోధనలో హిమోగ్లోబిన్ 9 కంటే తగ్గగానే ఎక్కించినవారిలో కంటే, 7 కంటే తగ్గినప్పుడే ఎక్కించినవారిలో ఎక్కువమంది బతికారు. ఆరు వారాలకు 91 శాతం ఒకవైపు, 95 శాతం ఒకవైపు. రక్తం మరీ ఎక్కువ ఎక్కిస్తే సిరల్లో ఒత్తిడి పెరిగి కారేచోట ఇంకా కారవచ్చు. ఈయన గుండె రోగి కాబట్టి గీత 7 దగ్గర కాకుండా 8 దగ్గర పెట్టుకున్నాను. ఇంకా కారుతూనే ఉంది, బీపీ 88, ముందు 70 కిలోమీటర్ల ప్రయాణం ఉంది. అందుకే అంకె 8.1 ఉన్నా ఆగలేదు.

జూనియర్ డాక్టరు చేతిలో అప్పటికే రక్తస్రావం తగ్గించడానికి వాడే ట్రానెక్సామిక్ యాసిడ్ ఆంప్యూల్ ఉంది. ప్రసవంలో, ప్రమాదాల్లో పనికొచ్చే మందు కాబట్టి ఇక్కడా పనికొస్తుందని చాలామంది ఇస్తారు. 2020లో వచ్చిన హాల్ట్-ఇట్ ట్రయల్‌లో 12,009 మందిని చూశారు. చావులు తగ్గలేదు, కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో గడ్డలు, ఫిట్స్ పెరిగాయి. స్టెంట్ ఉన్న మనిషికి అది ఇవ్వడానికి నాకు ఏ కారణమూ కనబడలేదు. పక్కన పెట్టించాను.

రైల్స్ ట్యూబ్ (ముక్కు ద్వారా పొట్టలోకి దించే గొట్టం) వేసి చూద్దామా అని కూడా అడిగాడు. వద్దన్నాను. ట్యూబ్‌లో రక్తం రాకపోతే పొట్టలో లేదని తెలుస్తుందేమో గానీ, పొట్ట దాటాక డుయోడినమ్‌లో (చిన్నపేగు మొదటి భాగంలో) కారుతుంటే తెలియదు. తెల్లటి నీళ్ళు వస్తే ఇంటివాళ్ళు, మనం కూడా, అనవసరంగా ధైర్యపడతాం.

పైపేగు రక్తస్రావం ఎంత ప్రమాదమో అంచనా వేసే గ్లాస్గో-బ్లాచ్‌ఫోర్డ్ స్కోరు కాగితం మీద వేసి చూశాను. ఉదయం 11:30కి ఉన్న అంకెలతోనే, నల్లమలం, స్పృహ తప్పడం కలిపితే, 11 వచ్చింది. ఆ స్కోరు 0 గానీ 1 గానీ ఉంటే ఇంటికి పంపొచ్చు. 11 ఉన్న మనిషిని నేను నాలుగున్నర గంటలు ఒక్క సెలైన్ మీద ఉంచాను.

మొదటి బాటిల్ సగం ఎక్కి, బీపీ 104కి వచ్చాక రాత్రి 7:30కి పంపాం. వెంటనే పంపేయమని ఒత్తిడి చేశారు. 88 బీపీతో అంబులెన్స్ ఎక్కిస్తే దారిలో ఏమీ చేయలేమని చెప్పి ఆపాను. ఆరు గంటల్లోపు ఎండోస్కోపీ చేయడం వల్ల అదనపు లాభం లేదని 2020లో హాంకాంగ్ పరిశోధన చూపించింది. ముందు మనిషిని నిలబెట్టి, 24 గంటల్లోపు చేస్తే చాలు. అక్కడి గ్యాస్ట్రోఎంటరాలజిస్టుకి ఫోన్ చేసి, కొంగుముడి పొట్లంతో సహా అన్నీ చెప్పాను. పొట్లం కూడా కేస్ షీట్‌కి పిన్ చేసి పంపాను.

ఎండోస్కోపీ, మళ్ళీ రక్తం

మర్నాడు ఉదయం ఎండోస్కోపీకి గంట ముందు ఎరిత్రోమైసిన్ ఇంజెక్షన్ ఇచ్చారట, పొట్టలో గడ్డలు కిందికి జారి చూపు బాగుండటానికి. డుయోడినమ్ వెనకగోడకి ఒకటిన్నర సెంటీమీటర్ల పుండు, మధ్యలో రక్తనాళం మొన తేలి ఉంది. అక్కడ వెనకే గ్యాస్ట్రోడుయోడినల్ ధమని పోతుంది. ఆ చోటు పుండంటే డాక్టర్లకి భయం అందుకే. వంపులో క్లిప్ కుదురుకోలేదు. ఎడ్రినలిన్ ఇంజెక్షన్ చేసి, వేడితో కాల్చి మూశారు. ఎడ్రినలిన్ ఒక్కటే చేస్తే కాసేపటికి దాని పని అయిపోయి మళ్ళీ కారుతుంది, రెండో పద్ధతి తప్పకుండా కలపాలి. పాంటోప్రజోల్ గంటకి 8 మిల్లీగ్రాముల చొప్పున 72 గంటలు పెట్టారు.

30 గంటలకి మళ్ళీ రక్తం. ఈసారి మెటోప్రొలాల్ ఆపి ఉంది కాబట్టి నాడి 118కి పోయి ముందే చెప్పింది. కొడుకు ఫోన్ చేసి, "ఆపరేషన్ అంటారేమో సార్, ఒప్పుకోమంటారా?" అని ఏడ్చాడు. మొదటిసారి తిరగబడితే ఇంకోసారి ఎండోస్కోపీతోనే ప్రయత్నించడం సరైన దారి, ఎక్కువమందికి దాంతోనే ఆగుతుంది, అప్పటికీ ఆగకపోతే రక్తనాళంలోకి పోయి మూయడమో, ఆపరేషనో అని చెప్పాను. రెండోసారి సీనియర్ చేశారు. మూడు క్లిప్పులు కుదిరాయి. ఆగింది.

గుండె బిళ్ళ

"ఆ గుండె బిళ్ళే కొంపముంచింది, ఇక జన్మలో వేయం" అని ఇంట్లో అందరూ తీర్మానించుకున్నారు. ఈ మాట నాకు రక్తస్రావం కంటే ఎక్కువ భయం కలిగించింది. 2010లో హాంకాంగ్‌లో ఇలాంటి 156 మందిని చూశారు. ఎండోస్కోపీ తర్వాత ఆస్పిరిన్ కొనసాగించినవారిలో మళ్ళీ రక్తం పోయినవారు ఎక్కువే, 10.3 శాతం. ఆపినవారిలో 5.4. కానీ ఎనిమిది వారాల్లో చనిపోయినవారు కొనసాగించినవారిలో 1.3 శాతం ఉంటే, ఆపినవారిలో 12.9 శాతం. కారే రక్తాన్ని ఆపడానికి మన దగ్గర క్లిప్ ఉంది, మూసుకుపోయిన గుండె అంత టైమ్ ఇవ్వదు. రెండో ఎండోస్కోపీ అయిన మూడో రోజున ఆస్పిరిన్ మళ్ళీ మొదలైంది, పక్కనే పాంటోప్రజోల్‌తో. డైక్లోఫెనాక్ మాత్రం ఇక లేదు. గుండె జబ్బున్నవారికి అది పొట్టకే కాదు, గుండెకీ చెడే. మోకాళ్ళకి పారాసెటమాల్, పైపూత జెల్, తొడకండరాల ఎక్సర్‌సైజు, చేతికర్ర. కర్రకి ఒప్పించడానికి నెల పట్టింది.

ఇంకొక్క ముడి మిగిలింది. ఎండోస్కోపీలో హెలికోబాక్టర్ పైలోరీ (పొట్టలో చేరి పుండ్లు తెచ్చే బ్యాక్టీరియా) పరీక్ష నెగెటివ్. అక్కడితో ఆగలేదు, ఎందుకంటే రక్తం కారేటప్పుడు, పాంటోప్రజోల్ మీద ఉన్నప్పుడు ఆ పరీక్ష తప్పుగా నెగెటివ్ చూపిస్తుంది. ఎనిమిది వారాలయ్యాక, రెండు వారాలు పాంటోప్రజోల్ స్థానంలో ఫామోటిడిన్ ఇచ్చి, ఊపిరి పరీక్ష చేయిస్తే పాజిటివ్. అంటే నొప్పి బిళ్ళలు రాకముందే పొట్టలో నేల తడిగా ఉంది. ఆ బ్యాక్టీరియాకి వాడే క్లారిత్రోమైసిన్ ఆయన వేసుకునే అటోర్వాస్టాటిన్‌తో పడదు, అందుకని బిస్మత్ ఉన్న నాలుగు మందుల కోర్సు 14 రోజులకి రాశాను.

తర్వాత మా వార్డులో మూడు పద్ధతులు మారాయి. కళ్ళు తిరిగి వచ్చిన ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి రెండో బీపీ. దొడ్డి రంగు అడగడం, అనుమానముంటే గ్లవ్ వేసుకుని వేలితో చూడటం. "మందులు" అనే మాటతో పాటు బిళ్ళలు, పొట్లాలు, కషాయాలు, నొప్పి సూదులు విడివిడిగా అడగడం. వాసన తేడాగా ఉంటే ఆయాలు నేరుగా డాక్టరుకి చెప్పొచ్చని కూడా రాసిపెట్టాం. అంతకుముందు నర్సు ద్వారానే చెప్పాలనే పద్ధతి ఉండేది.

బిస్మత్ మొదలైన ఐదో రోజు రాత్రి పదింటికి ఆయన భార్య ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. "బాబూ, మళ్ళీ నల్లగా వచ్చింది." బిస్మత్‌తో మలం నల్లబడుతుంది, అది ముందే చెప్పాల్సింది, నేను చెప్పలేదు. నేను ఏదో అడిగేలోపే ఆమే అందుకుంది. "జిగట లేదు. ఆ వాసనా లేదు. నీళ్ళు పోసి చూశాను, ఎరుపు రాలేదు. అయినా మీకు చెబుదామని చేశాను." కళ్ళు తిరగడం, చెమటలు లేవని కనుక్కుని, పొద్దున్నే తీసుకురమ్మన్నాను. ఏడున్నరకే వచ్చారు. బీపీ పడుకుంటే 138, కూర్చుంటే 134. హిమోగ్లోబిన్ 12.2.